నీలం టేపుల ఇల్లు

ఇళ్ళు అమ్మిపెట్టే లైసెన్సు వెనక్కిచ్చేసిన రోజున మా ఆఫీసువాళ్ళు నాకోసం ఒక కేకు తెచ్చారు. దాని మీద చక్కెరతో చిన్న ఇల్లు కట్టి ఉంది. ఇంటి తలుపు పడమటికి తిరిగి ఉంది. ఇన్నేళ్ళు నా పక్కన కూర్చుని మీరు నేర్చుకుంది ఇదా అని, కేకుని పళ్ళెంతో సహా తూర్పుకి తిప్పి, అప్పుడు కత్తి పట్టుకున్నాను.

ఆ కేకు తింటూ, ఈ పనిలోకి కొత్తగా దిగిన మన తెలుగు పిల్లలు, అక్కా, మీ సర్వీసులో మర్చిపోలేని ఇల్లు ఏది అని అడిగారు. సరస్సు ఒడ్డున ఏ రాజభవనం పేరో చెప్తానని వాళ్ళ ఆశ. డచ్చి పేటలో రెండు పడగ్గదుల ఇల్లు అనేసరికి మొహాలు చిన్నబోయాయి. ఆ కథ కేకు ముక్క మీద చెప్పి తేల్చేది కాదు గనక ఇలా రాస్తున్నాను. నా మాటల్లో ఉప్పూకారం ఎక్కువని మా వారి ఫిర్యాదు. ఆయన చప్పిడి మనిషి. మీకు మరీ ఎక్కువనిపిస్తే సగం తగ్గించుకుని చదువుకోండి. బేరం మనకి కొత్త కాదు కదా.

మేముండేది మిషిగన్‌లో, పెద్ద సరస్సుకి దగ్గర. ఇక్కడ చలికాలం వచ్చిందంటే సూర్యుడు కూడా సెలవు పెట్టి ఫ్లోరిడా వెళ్ళిపోతాడు. తాతముత్తాతల కాలంలో హాలండ్ నుంచి ఓడలెక్కి వచ్చినవాళ్ళ సంతానం ఉండే పేట ఒకటి మా ఊళ్ళో ఉంది, అదే డచ్చి పేట. అందరూ ఇంగ్లీషే మాట్లాడతారు గానీ పద్ధతులు మాత్రం ఓడ దిగిన రోజువే. చిన్న చిన్న ఇటుక ఇళ్ళు. ఇంటి ముందు పచ్చిక ఎంత సమంగా ఉంటుందంటే, ఒక గడ్డిపరక తల ఎత్తితే పక్క పరకలే వంచేస్తాయి. ముందుగది కిటికీ సినిమా తెరంత ఉంటుంది, దానికి పరదా ఉండదు. మాకు దాచుకోవలసింది ఏమీ లేదు, కావలిస్తే చూసుకోండి అన్నట్టుంటుంది. ఆదివారం గడ్డి కోసే మెషిన్ చప్పుడు వినపడదు. ఆ రోజు గడ్డి కూడా పెరగడం మానేస్తుందని నా అనుమానం.

ఊళ్ళో మామూలు జీతగాళ్ళకి అందే ధరలో ఇళ్ళున్నది ఆ ఒక్క పేటలోనే. కాకపోతే అక్కడివి అమ్మకానికి రావు. వచ్చినా, బోర్డు పాతేలోపే చర్చిలో పక్క బెంచీవాళ్ళు కొనేస్తారు.

అలాంటి పేట మీద కన్నేసి ఆ ఏడాది వేసవిలో ఒక జంట నా దగ్గరికొచ్చింది. ఆ అమ్మాయిది చీరాల. మా ఊరి పెద్దాసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. అబ్బాయిది వరంగల్. కుర్చీల కంపెనీలో ఇంజనీరు. ఒక కుర్చీ ఎంతమందిని, ఎన్నాళ్ళు మోస్తుందో పరీక్షించడం ఆయన పని. చేసీ చేసీ ఆయన స్వభావం కూడా మంచి కుర్చీలా తయారైంది. ఎవరు వచ్చి మీద కూర్చున్నా కిక్కురుమనడు. మనవాళ్ళు కిక్కిరిసి ఉండే ఎడిసన్‌లో చాలాకాలం అద్దెకుండి, అక్కడ ఇల్లు కొనాలంటే అప్పు పత్రం మీద మనవళ్ళు కూడా సంతకం పెట్టాలని గ్రహించి మా ఊరొచ్చారు.

వచ్చిన మొదటి చలికాలంలోనే ఆ అమ్మాయి కారు మంచు మీద జారి, నడిరోడ్డున బొంగరంలా తిరిగి, పక్క గుంటలోకి దిగింది. దెబ్బ తగల్లేదు. కానీ అప్పటినుంచి మంచు పడిందంటే స్టీరింగ్ మీద చేతులు నిలవవు. భర్త దింపుదామంటే ఆయన ఫ్యాక్టరీ ఊరికి అవతలి కొస, పైగా తెల్లవారకుండా షిఫ్టు. తర్వాతి చలికాలంలో డ్యూటీకి రాలేకపోయిన రోజులు చూసి ఆసుపత్రివాళ్ళు పిలిచి, ఇంకో ఏడాది ఇలాగే అయితే మేం వేరే మనిషిని చూసుకోవాలమ్మా అని మర్యాదగా చెప్పారు. అమెరికాలో మర్యాదగా చెప్పారంటే భయపడాలి.

ఆసుపత్రికి ఒకవైపు హైవే, ఒకవైపు కార్ల పార్కింగు, ఒకవైపు డాక్టర్లు ఉండే కోటలు. మిగిలిన వైపు డచ్చి పేట.

"అక్కా, నాకు గ్రానైట్ వద్దు, మూడు కార్ల గరాజ్ వద్దు. నడిచి డ్యూటీకి వెళ్ళే ఇల్లు కావాలి, మంచు పడేలోపు," అంది. వాస్తు సంగతేమిటని అడిగాను, అలవాటు కొద్దీ. "నా కాళ్ళు ఎటు నడిస్తే ఉద్యోగం నిలుస్తుందో అదే నాకు తూర్పు," అంది. ఆ మాట విన్నాక ఈ పిల్లకి ఇల్లు చూపించకపోతే నా లైసెన్సు చించుకోవచ్చు అనుకున్నాను.

మా ఆఫీసు పెద్దావిడ మాత్రం పెదవి విరిచింది. ఆవిడ పచ్చి అమెరికన్. హైవే అవతల కొత్త అపార్టుమెంట్లు వస్తున్నాయి, అవి చూపించి చేతులు దులుపుకో, ఆ పేటలో ఇల్లు దొరికేసరికి నీకు మోకాళ్ళ ఆపరేషన్ అవుతుంది అంది. మోకాళ్ళ సంగతి తర్వాత నిజమైంది లెండి. ఆ అమ్మాయి అపార్టుమెంట్ల ఫొటోలు చూసి తల అడ్డంగా ఊపింది. ఆ రోజునుంచి డ్యూటీ దిగగానే డచ్చి పేటలో వీధి వీధీ తిరగడం మొదలుపెట్టింది. సెప్టెంబరు వచ్చేసరికి అక్కడి కుక్కలన్నీ ఆవిణ్ణి చూసి అరవడం మానేశాయి.

అలా తిరుగుతూనే ఆ బోర్డు చూసింది. చెక్క మీద చేత్తో రాసిన బోర్డు, పెయింటు ఇంకా తడిగా ఉందట. ఇల్లు అమ్మబడును. దాని కింద ధర. దాని కింద, ఏజెంట్ల ద్వారా కాదు, నేనే అమ్ముకుంటాను అని. రాసినాయన పాల డెయిరీలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. భార్య పోయి కొంతకాలమైంది. చర్చి పక్కనే పెద్దవాళ్ళు ఉండే అపార్టుమెంట్లో చోటు దొరికింది, అందుకని అమ్మేస్తున్నాడు. నేను ఫోన్ చేసి, మీ తరఫున కాదు కొనేవాళ్ళ తరఫున అని వివరించాక, శనివారం రమ్మన్నాడు. ధర కొంచెం అటూ ఇటూ అవుతుందా అని అడిగాను. "బోర్డు మీద రాశానుగా," అన్నాడు, పాపం చదువురాని మనిషితో మాట్లాడినట్టు.

ఇక్కడ కథలోకి ఆ అమ్మాయి నాన్నగారు దిగుతారు. నిజంగానే ఆ వారమే విమానం దిగారు. చీరాలలో జీవితమంతా చీరల కొట్టు నడిపిన మనిషి. బేరంలో ఆయన్ని మించినవాడు కృష్ణకి ఇటు లేడు, అటు ఉన్నవాళ్ళు ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే. అల్లుడి చలికోటు మోకాళ్ళదాకా వేసుకుని కారు ముందుసీట్లో కూర్చుని, దారి పొడుగునా మాకు పాఠం చెప్పారు.

"ఇష్టం మొహంలో కనపడిందా, అయిపోయారే. అమ్మాయ్, నువ్వు ఫోన్ చూసుకుంటూ తిరుగు. అల్లుడుగారూ, మీరు ఆవలించండి."

"ఆవలింత రాట్లేదు మావయ్యా."

"తెచ్చుకోవాలి. ఏదీ, ఒకటి తీయండి."

ఆయన తీయించిన రిహార్సలు ఆవలింతలకి వెనకసీట్లో ఉన్న నాకు నిజంగా నిద్ర ముంచుకొచ్చింది.

ఆ పెద్దమనిషి తలుపు తీశాడు. తలుపంత మనిషి. లోపల ఇల్లంతా కాఫీ వాసన. అప్పటికి మా నలుగురికీ పొద్దున్నించి కాఫీ లేదు. కాఫీ తాగుతారా అని అడిగాడు. మేం నలుగురం ఒకే గొంతుతో, బడిలో ప్రార్థన చదివినట్టు, "నో నో, థాంక్యూ, ఇప్పుడే తాగొచ్చాం," అన్నాం. ఆయన తల ఊపి, తన కప్పులో పోసుకుని, రేకు డబ్బా మూత తీసి, గాలిమర బొమ్మ ఉన్న బిస్కెట్టు ఒక్కటి తీసుకుని, మూత పెట్టేశాడు.

అంతే. రెండోసారి అడగలేదు. ఆ మూత పడిన చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది. బ్యాంకు లాకరు తలుపులు కూడా అంత గట్టిగా మూసుకోవు. నాన్నగారు ఆ డబ్బా వైపు చూసిన చూపు ఏ చిత్రకారుడైనా గీసి ఉంటే ఈపాటికి మ్యూజియంలో ఉండేది.

ఇల్లు చూడ్డం మొదలైంది. వంటగది కిటికీలోంచి చూస్తే రెండు వీధుల అవతల ఆసుపత్రి కనపడుతోంది. ఆ అమ్మాయి ఫోన్ చూసుకోవడం మర్చిపోయి, కిటికీ గట్టు పట్టుకుని నిలబడిపోయింది. మొహంలో ఇష్టం దీపావళి మతాబులా వెలుగుతోంది. నేను చటుక్కున ఆవిడకీ ఆ పెద్దమనిషికీ మధ్య అడ్డం నిలబడ్డాను. నా శరీరం నా వృత్తికి పనికొచ్చిన సందర్భాల్లో అదొకటి.

ఈలోగా నాన్నగారు పని మొదలుపెట్టారు. గోడ మీద చెయ్యి వేసి, "వాల్ ఈజ్ క్రుకెడ్," అన్నారు. ఆ పెద్దమనిషి కళ్ళజోడు సవరించుకుని గోడని చూశాడు. జేబులోంచి రంగులేసేవాళ్ళు వాడే నీలం టేపు తీసి, ఒక ముక్క చింపి, గోడకి అంటించాడు. నాన్నగారు నావైపు చూసి కనుబొమ్మ ఎగరేశారు. దెబ్బ తగిలిందని అర్థం.

ఇంక ఆయన్ని పట్టుకునేవాళ్ళు లేరు. పెరటి తలుపు కిర్రుమంటోంది అన్నారు. టేపు. కిటికీ మరీ పెద్దది, ఎండకి గుడ్డల రంగులు వెలిసిపోతాయి అన్నారు. టేపు. బీరువా తలుపు బరువు. టేపు. సీలింగు ఎత్తు తక్కువ అన్నారు. ఆ పెద్దమనిషి కుర్చీ ఎక్కి సీలింగుకి కూడా ఒక ముక్క అంటించాడు. బేస్‌మెంట్లోకి దిగుతుంటే, కింద మెట్టు ఊగుతోంది అన్నారు. అక్కడా పడింది. మేం బయటికొచ్చేసరికి ఇంటికి నీలం రంగు ఆటలమ్మ పోసినట్టుంది.

గుమ్మం దగ్గర ఆ పెద్దమనిషి ఆ అమ్మాయిని సూటిగా అడిగాడు, మీకీ ఇల్లు కావాలా అని. ఆవిడ నోరు తెరిచేలోపే నాన్నగారు, "వీ విల్ సీ," అన్నారు. అబ్బాయి, ఆ రోజు తన వంతుగా, ఒక ఆవలింత తీశాడు. చాలా బాగా వచ్చింది.

కారులో నాన్నగారి ఆనందానికి హద్దుల్లేవు. ఒక్కదానికైనా ఎదురు చెప్పాడా, ఇలాంటి మనిషి నా కొట్టుకి రోజుకొకడు వచ్చుంటే చీరాల మొత్తం కొనేసేవాణ్ణి అన్నారు. సోమవారానికల్లా తనే ఫోన్ చేసి ధర తగ్గిస్తాడని జోస్యం చెప్పారు. మేం ముగ్గురం నమ్మాం.

సోమవారం ఫోన్ చేసింది ఆ అమ్మాయి. "అక్కా, బోర్డు లేదు," అంది. గొంతులోంచి కాదు, ఆ గుంటలో పడిన కారులోంచి వచ్చినట్టుంది ఆ మాట.

ఎవరో కొనేశారనుకుని పరుగెత్తాను. తీరా చూస్తే బోర్డు గరాజులో గోడకి ఆనించి ఉంది. ఆ పెద్దమనిషి ముందుగదిలో నిచ్చెనెక్కి, దారానికి గుండు కట్టి, గోడ పొడుగునా వదిలి, వంకర ఎక్కడుందా అని చూసుకుంటున్నాడు. నన్ను చూసి కిందికి దిగాడు. ఆయన ఇంగ్లీషు నా తెలుగులో చెప్తాను.

"ఇన్నేళ్ళు ఈ ఇంట్లో ఉండి ఇన్ని లోపాలు గమనించలేదు. ఇంత చెడ్డ ఇల్లు ఒక కుటుంబానికి ఎలా అమ్ముతాను? అన్నీ బాగుచేసి, వసంతంలో మళ్ళీ బోర్డు పెడతాను."

వసంతమంటే ఏప్రిల్. మా ఊళ్ళో మంచు పడేది నవంబరులో. నేను గడగడా అందుకున్నాను. అయ్యో, అవన్నీ ఉత్త మాటలండీ, మా వాళ్ళు బేరమాడేటప్పుడు అలా అంటారు, ఇంటికేమీ లోపం లేదు అన్నాను. ఆయన గుండుని చేత్తో ఆపి నావైపు చూశాడు.

"అంటే, ఆయన అబద్ధాలు చెప్పాడా?"

ఇరవైమంది లాయర్లు కలిసి ఆలోచించినా ఆ ప్రశ్నకి జవాబు దొరకదు. నిజాలు చెప్పారంటే ఇల్లు అమ్మకానికి లేదు. అబద్ధాలు చెప్పారంటే, అబద్ధాలకోరుకి ఇల్లు అమ్మే మనిషి కాదు ఆయన. నేను దగ్గాను. వాతావరణం గురించి మాట్లాడాను. కాఫీ తాగుతావా అని అడిగితే, ఒళ్ళు తెలియకుండా వద్దన్నాను.

మా ఆఫీసు పెద్దావిడ అంతా విని, సంతాపం తెలిపినట్టు నా భుజం తట్టి, హైవే అవతలి అపార్టుమెంట్ల తాళాలు నా బల్ల మీద పెట్టింది. ఆ తాళాలు తీసుకుని వెళ్తే ఆ అమ్మాయి వాటిని ముట్టుకోను కూడా లేదు. "ఆ ఇల్లే అక్కా," అంది. "ఆయన గోడ బాగుచేస్తే బాగుచేసుకోనీ. మంచు పడేలోపు ఆ ఇల్లే."

మరుసటి ప్రయత్నం అబ్బాయి ఆలోచన. "మంచిగ పండ్లబుట్ట పట్టుకొని పోదాం అక్కా, సల్లగ మాట్లాడదాం," అన్నాడు. అబ్బాయికి ఫ్యాక్టరీ సెలవు రోజు చూసుకుని వెళ్ళాం. అది ఆదివారం. ఆ పెద్దమనిషి చర్చి నుంచి అప్పుడే వచ్చి సూటులో ఉన్నాడు. ఇంటి విషయం అనగానే, ఈ రోజు కాదు అన్నాడు. కోపం లేదు. సూటు జేబులోంచి పిప్పరమెంట్లు తీసి మా ఇద్దరి చేతుల్లో చెరొకటి పెట్టి, తలుపేశాడు. మేం వాటిని చప్పరిస్తూ, బడినుంచి పంపేసిన పిల్లల్లా కారెక్కాం.

ఆ సాయంత్రం వాళ్ళ అద్దె ఇంట్లో పంచాయతీ పెట్టాం. ఆ అమ్మాయి తండ్రి ఎదురుగా కూర్చుంది. ఆయనే వచ్చి ఆ పెద్దమనిషికి ఉన్న మాట చెప్పాలి, ఇల్లు బాగుందని ఒప్పుకోవాలి అంది. నాన్నగారు మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టారు.

"కొనేవాడు సరుకుని మెచ్చుకోవడమా? నా వల్ల కాదమ్మాయ్. రేపు చీరాలలో ఏ మొహం పెట్టుకుని తిరగను?"

"చీరాలకి ఎవరు చెప్తారు నాన్నా?"

"నాకు తెలుస్తుందిగా."

ఆవిడ గొంతు పెంచలేదు. "నాన్నా, నీ కొట్లోంచి ధర తగ్గించుకుని పోయినవాళ్ళ మొహాలు నీకిప్పటికీ గుర్తు. చీర చేజారిపోయి ఉత్త చేతుల్తో వెళ్ళినవాళ్ళలో ఒక్కళ్ళైనా గుర్తున్నారా? నేను ఆ గుంపులో నిలబడను. శనివారం నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే వెళ్తాను. నాకు చెప్పడం చాతకాకపోతే ఆయన గుమ్మంలోనే కూర్చుంటాను."

అబ్బాయి గోడ వైపు చూస్తున్నాడు. నేను గ్లాసు వైపు చూస్తున్నాను. నాన్నగారు చాలాసేపు చేతివేళ్ళు చూసుకున్నారు, గుడ్డ పోగు నాణ్యం చూస్తున్నట్టు. తర్వాత లేచి, అల్లుడితో, "నా తెల్లచొక్కా ఇస్త్రీ చేయించండి," అన్నారు.

శనివారం పది గంటలకి వెళ్ళాం. లోపల సగం టేపులు మాయమయ్యాయి. బీరువా తలుపు తేలికైంది. పెరటి తలుపు బందులు నూనె తాగి మెరుస్తున్నాయి. ఆయన ఇంకా కొంత పని చేస్తే వసంతం దాకా ఆగక్కర్లేకుండా దీపావళికే ఇల్లు రాజమహలయ్యేలా ఉంది. కానీ సీలింగు ఎత్తడం ఎలాగో తెలియక దానికింద రోజూ కుర్చీ వేసుకుని కూర్చుని ఆలోచిస్తున్నాడట. నాకు పాపం అనిపించింది.

మమ్మల్ని వంటింటి బల్ల చుట్టూ కూర్చోబెట్టాడు. కాఫీ తాగుతారా అన్నాడు, నాన్నగారి వైపు చూసి.

అరవై దాటిన అలవాటు. చీరాల రక్తం. నాన్నగారి నోట్లోంచి, "నో, థాంక్యూ," అని వచ్చేసింది.

ఆ పెద్దమనిషి తల ఊపి, డబ్బాలోంచి తన బిస్కెట్టు ఒకటి తీసుకుని, మూత పట్టుకున్నాడు. మూత డబ్బా మీదకి దిగుతోంది. నా ఉద్యోగం, ఆ అమ్మాయి ఉద్యోగం, రాబోయే మంచు, అన్నీ ఆ మూతకీ డబ్బాకీ మధ్య సందులో ఉన్నాయి. అప్పుడు నాన్నగారి చెయ్యి బల్ల మీదుగా సాగి, డబ్బా మీద అడ్డంగా పడింది. మూత ఆయన వేళ్ళ మీద ఆగింది.

"యెస్," అన్నారు నాన్నగారు. "ఐ సెడ్ నో. మీనింగ్ యెస్. ఫస్ట్ డే ఆల్సో, మీనింగ్ యెస్."

ఆ తర్వాత ఆయన ఇంగ్లీషు అయిపోయింది. నావైపు తిరిగి, "చెప్పమ్మా ఆయనకి," అన్నారు.

చెప్పాను. మా వైపు మొదటిసారి అడిగితే వద్దనడం మర్యాద. రెండోసారి అడిగితే కొంచెం మెత్తబడి వద్దనాలి. మూడోసారి, మీ బలవంతం మీద తీసుకుంటున్నాను అన్నట్టు తీసుకోవాలి. మొదటిసారే తీసుకుంటే ఆబగా ఉన్నాడనుకుంటారు. ఆయన శ్రద్ధగా విని, మూడుసార్లు అడిగేలోపు కాఫీ చల్లారిపోదా అన్నాడు. చల్లారుతుంది, అందుకే మా ఇళ్ళలో అంత వేడిగా ఇస్తాం అన్నాను. ఇది నేను అప్పటికప్పుడు కల్పించింది, కానీ నాకే నమ్మకం కుదిరింది.

ఆయన లేచి నాలుగు కప్పుల్లో కాఫీ పోశాడు. కూర్చుని, ఆలోచించి, నాన్నగారిని అడిగాడు.

"అయితే ఆ గోడ?"

"తిన్నగా ఉంది," అన్నారు నాన్నగారు.

"నాకు తెలుసు. గుండు కట్టి చూశాను. నాకు కనపడని వంకర మీకు కనపడిందని నిద్ర పట్టలేదు. సీలింగు?"

"మా అల్లుడి తల మీద ఇంకా బోలెడు ఖాళీ ఉంది."

"మరి ఎందుకలా చెప్పారు?"

నాన్నగారు కాఫీ ఒక గుక్క తాగి, తెలుగులో, నెమ్మదిగా చెప్పారు. ఒక్కో మాటా నేను ఇంగ్లీషు చేశాను. "నా కొట్లోకి వచ్చి, అబ్బ ఎంత బాగుందండీ అన్న మనిషి ఒక్కరూ చీర కొనలేదు. మెచ్చుకుని వెళ్ళిపోయేవాళ్ళు. అంచు బాగాలేదు, రంగు పోతుంది, పోగు పల్చన అని నన్ను ఏడిపించిన మనిషే కొనుక్కెళ్ళేది. మాకు ఇష్టమైనదాన్నే తిడతాం. మీ ఇంటిని అంత తిట్టానంటే, మా అమ్మాయికి అది ఎంత కావాలో చూసుకోండి."

ఆ అమ్మాయి తండ్రి మొహంలోకి చూసింది. తర్వాత ఆ పెద్దమనిషి వైపు తిరిగి, నా అనువాదం అక్కర్లేకుండా తనే చెప్పింది. ఈ ఇల్లు నాకు కావాలి, ఆ కిటికీ దగ్గర నిలబడ్డప్పుడే కావాలనుకున్నాను, ధర మీరు బోర్డు మీద రాసిందే, ఇక్కణ్ణుంచి నడిచి డ్యూటీకి వెళ్తాను. ఒక్క మాట కూడా దాచుకోలేదు. పిల్లలూ, కొనేవాళ్ళ తరఫు ఏజెంటుకి ఇంతకన్నా పెద్ద పీడకల ఉండదు. బల్ల కింద ఆవిడ కాలు తొక్కబోయి అబ్బాయి కాలు తొక్కాను. మంచి కుర్చీ కదా, ఏమీ అనలేదు.

ఆ పెద్దమనిషి తన కాఫీ ఆఖరి చుక్కదాకా తాగి కప్పు కింద పెట్టాడు. ఆఖరికి నాన్నగారితో, "బేస్‌మెంట్లో కింద మెట్టు?" అన్నాడు.

నాన్నగారు తటపటాయించారు. ఇన్ని మెప్పుల తర్వాత ఒక్క తిట్టు మిగిలిందాయన దగ్గర. అది మింగేస్తే పనైపోతుందని ఆ గదిలో అందరికీ తెలుసు. నేను ఆయన చొక్కా చేతిని లాగాను కూడా.

"అది మాత్రం నిజంగానే ఊగుతోంది," అన్నారు.

"ఊగుతుంది," అన్నాడు ఆయన. మొదటిసారి నవ్వాడు. "ఎన్నేళ్ళ నుంచో తెలుసు. మీరు దాన్ని కూడా బాగుందని అనుంటే ఇంక మీ మాట ఏదీ నమ్మేవాణ్ణి కాదు. అది బాగుచేసి ఇస్తాను. బోర్డు మళ్ళీ పెట్టను."

డబ్బా మూత తీసి, మా వైపు తోశాడు. ఈసారి ఎవ్వరం వద్దనలేదు. నాన్నగారు రెండు తీసుకున్నారు.

కాగితాల పని నా పని, దాంతో మిమ్మల్ని విసిగించను. మా ఆఫీసు పెద్దావిడకి హైవే అవతలి తాళాలు తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం నా నడుం కొంచెం వెనక్కి వంగి ఉండొచ్చు. ఇల్లు చేతికొచ్చాక చూస్తే, ఆ మెట్టు మీద ఏనుగు ఎక్కి గెంతినా కదలదు. సీలింగు మీది నీలం టేపు మాత్రం తీయొద్దంది ఆ అమ్మాయి. ఇప్పటికీ ఉంది. మొదటి మంచు పడిన పొద్దున నాకొక ఫోన్ వచ్చింది. "చేరాను అక్కా," అంది. వెనకాల ల్యాబ్ మెషిన్ల చప్పుడు వినపడుతోంది.

ఆ శనివారం వాళ్ళు ఆ పెద్దమనిషిని భోజనానికి పిలిచారు, నన్ను కూడా. పన్నెండింటికి రమ్మంటే పన్నెండింటికే వచ్చాడు. వంటింట్లో ఇంకా మూకుడు దించలేదు. ఆ సంగతి అర్థం చేసుకుని, బయట మంచులో కాసేపు నిలబడి వస్తానన్నాడు. బలవంతాన కూర్చోబెట్టాం. పప్పు, వంకాయ కూర, పులిహోర అన్నీ బుద్ధిగా తిన్నాడు గానీ, గారెలు వచ్చేసరికి ఆయన మొహం మారిపోయింది. మొదటి గారె కొరికి కళ్ళు మూసుకున్నాడు. నాన్నగారు గర్వంగా నావైపు చూశారు, గారెలు తను నేసినట్టు.

ఆ అమ్మాయి గారెల పళ్ళెం తెచ్చి, ఇంకొకటి వెయ్యనా అని అడిగింది.

"నో, థాంక్యూ," అన్నాడు ఆ పెద్దమనిషి.

సరేనని ఆవిడ పళ్ళెం వెనక్కి తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో ఎలా ఉండాలో నేర్చుకున్న పిల్ల. వద్దంటే వద్దనే అర్థం, మళ్ళీ అడిగి ఇబ్బంది పెట్టకూడదు. ఆయన చూపు పళ్ళెం వెంట గుమ్మందాకా వెళ్ళి, తలుపు దగ్గర ఆగిపోయింది. వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నేను చెప్పిన పాఠం అక్షరం తప్పకుండా అప్పజెప్తే ఇలా అయిందేమిటి అన్నట్టుంది ఆ చూపు.

నేను నోరు తెరిచేలోపే, నూనె తాగిన ఆ పెరటి తలుపు దాకా వినపడేలా, వంటింటి వైపు తిరిగి అన్నాడు.

"అమ్మా, మళ్ళీ అడగండి."